విరేచనాలైన మనిషికి గ్లూకోజు కాకుండా ఆర్‌.ఎల్‌. ఎందుకు ఎక్కించారు?

ప్రశ్న:
రెండు రోజులు వాంతులు, విరేచనాలతో బాధపడిన మా అమ్మగారిని (62 ఏళ్లు) మొన్న రాత్రి ఆసుపత్రిలో చేర్చాము. అప్పటికే నాలుక పిడచకట్టుకుపోయింది, ఉదయం నుంచి మూత్రం రాలేదు. అంత నీరసంగా ఉన్న మనిషికి గ్లూకోజు పెట్టమని అడిగినా డాక్టరుగారు ఒప్పుకోక, రింగర్ లాక్టేట్ (ఆర్‌.ఎల్‌.) అని రాసి ఉన్న సీసాలే ఎక్కించారు. ఇప్పుడు కోలుకున్నారు. గ్లూకోజు ఎందుకు వద్దన్నారు? ఆ లాక్టేటు పాలకు సంబంధించినదా?

మొదటి సమాధానం:
విరేచనాలలో నీటితోపాటు సోడియం, పొటాషియం, రక్తంలో ఆమ్లం పెరగకుండా చూసే బైకార్బనేటు కూడా పోతాయి. నీటిని కణాలలోకి పోనివ్వకుండా బయట నిలిపి ఉంచేది సోడియమే. 5 శాతం గ్లూకోజు సీసాలో, లీటరుకు 50 గ్రాముల చొప్పున ఉన్న గ్లూకోజును శరీరం వాడుకున్నాక మిగిలేది ఉత్త నీరు. అది ఒళ్లంతా ఇంకిపోతుంది కనుక లీటరు ఎక్కించినా రక్తనాళాలలో నిలిచేది సుమారు వంద మిల్లీలీటర్ల లోపే. ఆర్‌.ఎల్‌. గానీ సెలైన్ (ఉత్త ఉప్పునీటి సీసా) గానీ అయితే దాదాపు నాలుగో వంతు నిలుస్తుంది, పడిపోయిన బీపీ లేవడానికి పనికొచ్చేది అదే. పోనీ బలమా అంటే, ఆ లీటరులో 200 కేలరీలకు మించి ఉండవు. గ్లూకోజు సీసాపై మనవాళ్లకున్న నమ్మకానికి అది చాలదు. రక్తంలో చక్కెర పడిపోతే మాత్రం గ్లూకోజు తప్పనిసరి.

లాక్టేటుకు, మనం తాగే పాలకు సంబంధం లేదు. కాలేయం దానిని బైకార్బనేటుగా మార్చి, విరేచనాలలో పోయిన లోటును కొంత పూడుస్తుంది. సెలైన్‌లో ఆ సౌకర్యం లేదు, పైగా క్లోరైడు రక్తంలో కన్నా చాలా ఎక్కువ.

రెండవ సమాధానం (స్టాఫ్ నర్సును):
తీవ్రంగా నీరు కోల్పోయినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు. ఏడాది దాటినవారికి అందులో 30 మొదటి అరగంటలోను, మిగిలిన 70 తరువాతి రెండున్నర గంటలలోను ఎక్కించాలి. అంటే 50 కిలోల మనిషికి మూడు గంటలలో ఐదు లీటర్లు! గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఈ వేగం ప్రమాదం కనుక నాడి, ఊపిరి, మూత్రం చూసుకుంటూ తగ్గిస్తాము. తాగగలిగిన వెంటనే ఓ.ఆర్‌.ఎస్‌. మొదలుపెడతాము. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ప్రాణాలు నిలిపింది ఆ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితోనే.

ప్రశ్న అడిగినవారు:
అమ్మగారికి గుండె జబ్బు ఉంది. మూడో సీసా అంత నెమ్మదిగా ఎక్కిస్తూ, మాటిమాటికీ వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఎందుకు విన్నారో ఇప్పుడు అర్థమైంది.