సేఫ్టీ ట్రైనింగ్, ఆడిట్ పనిచేస్తున్నాయని దేంతో కొలవాలి?

పరవాడ సేఫ్టీ: మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా సేఫ్టీ ఆఫీసర్‌ని. గేటు దగ్గర "ప్రమాదం లేని రోజులు" బోర్డు 600 దాటింది. ట్రైనింగ్ 100 శాతం, ఆడిట్‌లో 94 మార్కులు. పోయిన వారం టోలీన్ (ఇట్టే అంటుకునే సాల్వెంట్) డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్ పెట్టి ఉంటే వంగి చూశాను. పెయింటు మీద పట్టుకుని ఉంది, ఇనుముకి తగల్లేదు. మల్టీమీటర్ పెడితే పలకలేదు. పోస్తున్నప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు భూమిలోకి పోకుండా రవ్వ లేస్తే? ఆ కుర్రాడికి ట్రైనింగ్ అయింది, సంతకం ఉంది, పరీక్షలో 10కి 9. చెక్‌లిస్టులో "క్లిప్ ఉందా" దగ్గర టిక్కూ ఉంది. ప్రమాదాల లెక్క పక్కనపెట్టి నియర్ మిస్ (కొద్దిలో తప్పిన ప్రమాదం) రిపోర్టులు లెక్కెయ్యాలంటాను. మీరేమంటారు?

ఐఎస్ 14489: ఒప్పుకోను. నేను ఆడిటర్‌ని. 10 లక్షల పనిగంటలకు పని పోగొట్టిన గాయాలు ఎన్నన్న రేటు ఒక్కటే ఒక ఫ్యాక్టరీని ఇంకోదానితో పోల్చడానికి పనికొస్తుంది. నియర్ మిస్ అంటే ఎవరికి తోచింది వాళ్లు రాసేది.

పరవాడ సేఫ్టీ: మావాళ్లు 300 మంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు, అంటే 7.2 లక్షల గంటలు. ఏడాదిలో ఒక్క గాయమైతే రేటు దాదాపు 1.4. కాకపోతే సున్నా. ఆ తేడా నా ట్రైనింగ్ వల్ల వచ్చిందా, అదృష్టం వల్లా? అమెరికాలో బీపీ కంపెనీ టెక్సస్ సిటీ రిఫైనరీలో 2005 మార్చి 23న పేలుడుకి 15 మంది పోయారు. గాయాల రేటు బాగుందన్న ధీమా అసలు ముప్పును కప్పేసిందని తర్వాత విచారించిన బేకర్ కమిటీ తేల్చింది.

ఐఎస్ 14489: ఒక్క ఏడాది ఎవరు చూడమన్నారు? మూడేళ్ల సగటు చూడండి.

పటాన్‌చెరు హెల్పర్: మా దగ్గర నెలకి మనిషికి రెండు నియర్ మిస్‌లు టార్గెట్. అందరం "నేల తడిగా ఉంది" అని రాసి ఇచ్చేస్తాం.

సి షిఫ్ట్: లెక్కల గురించి నేనూ ఒకటి చెప్తాను. ఇదివరకు పనిచేసిన చోట సెంట్రిఫ్యూజ్ మూత కింద నా చూపుడువేలు నలిగింది. మూడు కుట్లు. మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టర్ ఆటో పంపించాడు. చెయ్యి కట్టుతోనే పంచ్ కొట్టించి ఆఫీసులో కుర్చీ వేశారు. నాలుగు రోజులు ఫ్యాన్ కింద కూర్చున్నాను. 48 గంటలు పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల శాఖకి చెప్పాలట. నేను "వచ్చాను" కదా. బోర్డు మీద అంకె పెరిగింది.

ఐఎస్ 14489: కుట్లు పడితే మెడికల్ ట్రీట్‌మెంట్ కేసు. పని పోగొట్టుకున్న రోజు లేదు కాబట్టి ఆ రేటులోకి రాదు. రూలు ప్రకారం లెక్క సరిగ్గానే వేశారు.

సి షిఫ్ట్: సరిగ్గా ఏటండీ? ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా మడవలేను. రూలు మీకు, నొప్పి నాకు.

గాజువాక: ఎల్‌జీ పాలిమర్స్ గుర్తుందా? 2020 మే 7న స్టైరీన్ లీకై 12 మంది పోయారు. గేటుతో సహా 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉందని, ఎవరూ మోగించలేదని ప్రభుత్వ కమిటీయే రాసింది. మీట ఉందా అని అడిగితే ఉంది. చెయ్యి వేసేవాడెవడు?

పరవాడ సేఫ్టీ: నేను చెప్పేదీ అదే. ట్రైనింగ్ అయిన మూడు నెలలకి, రాత్రి రెండు గంటలప్పుడు, చెప్పకుండా వెళ్లి చేయించి చూడాలి. మా హెల్పర్లలో సగం ఒడిశావాళ్లు. తెలుగు స్లైడ్లకి తలూపుతారు, చేతికిస్తే తెలుస్తుంది.

సి షిఫ్ట్: సార్, ఆ క్లిప్ కుర్రాణ్ని ఏం చేశారు?

పరవాడ సేఫ్టీ: మెమో ఇచ్చాం. పద్ధతి ప్రకారం.

సి షిఫ్ట్: అదీ సంగతి. రేటని ఒకరు, నియర్ మిస్ అని ఒకరు కొట్టుకుంటున్నారు. తప్పు కనపడగానే మెమో చేతిలో పెడితే ఇక మీకు నియర్ మిస్ రాసేదెవడు? కాంట్రాక్టు వాడైతే మెమో కూడా ఉండదు, మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. మీరు ఏది కొలిచినా మేం భయపడి దాచింది మీ కాగితంలోకి రాదు.

ఐఎస్ 14489: భయం మీకొక్కరికే ఉందనుకుంటున్నారా? నాకు ఫీజిచ్చేది నేను తనిఖీ చేసే కంపెనీయే. ఒకచోట ఫైర్ హైడ్రెంట్‌లో ప్రెషర్ లేదని రాశాను. రిపోర్టు మెత్తగా మార్చమన్నారు. మార్చలేదు. మరుసటి ఏడు పిలవలేదు. అందుకే అంకెల్ని పట్టుకుని వేలాడతాను. అంకె రాస్తే ఎవరూ కోప్పడరు.

పరవాడ సేఫ్టీ: రాత్రంతా ఆలోచించాను. ఆ క్లిప్పుకి పెయింటు గీరే మొన అరిగిపోయింది. కొత్తవి కొనమని నేను పెట్టిన ఇండెంటు ఏప్రిల్ నుంచి పర్చేజ్‌లోనే ఉంది. మెమో అందుకున్నది మాత్రం వాడు.

పటాన్‌చెరు హెల్పర్: ఇండెంటు ఎన్నాళ్లుగా ఆగిందో గేటు బోర్డు మీద రాయండి సార్.

పరవాడ సేఫ్టీ: మెమో వెనక్కి తీసుకోమని పొద్దున్న హెచ్ఆర్‌కి రాశాను, జవాబు రాలేదు. ఆ కుర్రాడి చేతికే మీటర్ ఇచ్చి సాల్వెంట్ షెడ్డంతా తిప్పాను. ఏడు చోట్ల క్లిప్పులు చూశాం. మూడుచోట్ల మీటర్ పలకలేదు. నాలుగోది వాడే చూపించాడు: క్లిప్ బాగానే ఉంది, వైరు అవతలి కొస ఊడి గోడకి వేలాడుతోంది. వాడికి రెండు నెలల కిందటే తెలుసట.