ఎం.ఏ. ఇంగ్లిష్: ఇఫ్లూనా, హెచ్‌సీయూనా? రెండు చోట్లా సీటొచ్చింది

ఉప్పల్_అన్న: మా చెల్లికి ఎం.ఏ. ఇంగ్లిష్‌కి తార్నాక ఇఫ్లూలోనూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోనూ (హెచ్‌సీయూ) సీటు వచ్చింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీ గవర్నమెంటు కాలేజీ. మేముండేది ఉప్పల్‌లో. మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ తార్నాక. గచ్చిబౌలి అంటే హాస్టల్ తప్పదు. శుక్రవారం లోపు ఫీజు కట్టాలి. అక్కడ చదివినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సిటీబస్: రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి పోయొస్తే ఎం.ఏ. సంగతేమో గానీ నడుం మాత్రం పోతుంది.

సీఫెల్_పాతకాపు: ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, ఇఫ్లూ. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అని పెట్టిందే ఈ దేశంలో ఇంగ్లిష్ చెప్పేవాళ్లకి ఇంగ్లిష్ ఎలా చెప్పాలో నేర్పడానికి. తర్వాత వేరే దేశాల భాషలు చేరి సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో ఇదీ ఒక సెంట్రల్ యూనివర్సిటీ అయింది. పేరు మారినా పని మారలేదు. ఫొనెటిక్స్ (ఉచ్చారణ శాస్త్రం) ల్యాబులో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మేం ఒకే మాటను పదేసిసార్లు వినేవాళ్లం. ఫొటోగ్రాఫ్‌లో ఒత్తు, అంటే నొక్కి పలకడం, మొదట్లో పడుతుంది, ఫొటోగ్రఫీ అనేసరికి రెండో అక్షరం మీదికి జారుతుంది, ఫొటోగ్రాఫిక్ అంటే మూడోదాని మీదికి. మనం మూడింటినీ ఒకే తీరున చదివేస్తాం. డిగ్రీ మూడేళ్లలో ఒక్కరూ నాకీ సంగతి చెప్పలేదు. తెలుగు మీడియం పిల్లకి ఇదే అసలు ఉపయోగం.

గోపన్నపల్లి: మేడమ్, ఆ అమ్మాయి చేరేది ఎం.ఏ.కి. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌కి కాదు.
హెచ్‌సీయూ 1974లో ఆబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైంది. మీనాక్షీ ముఖర్జీ లాంటి విమర్శకురాలు పాఠం చెప్పిన డిపార్ట్‌మెంట్ అది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూ, హిందీ, ఫిలాసఫీ, అనువాద అధ్యయనాల సెంటరు, అన్నీ ఒకే స్కూల్ కింద ఉంటాయి. తెలుగు వచ్చిన పిల్లకి అక్కడ తెలుగు బరువు కాదు, పెట్టుబడి. నా క్లాసులో అనువాదం ఎలక్టివ్ తీసుకున్నవాళ్లలో తెలుగు మీడియం వాళ్లే ముందుండేవాళ్లు.

సీఫెల్_పాతకాపు: సాహిత్యం గచ్చిబౌలి సొత్తని ఎవరన్నారు? స్త్రీవాద విమర్శకురాలు సూసీ తారు పాఠం చెప్పింది సీఫెల్‌లోనే. 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ మాకు పక్క ఉస్మానియా క్యాంపస్‌లోనే. దేశంలో ఎక్కడెక్కడి నుంచో లెక్చరర్లు రైలెక్కి వచ్చి ఆ లైబ్రరీలో కూర్చునేవాళ్లు. మేం నడిచి వెళ్లేవాళ్లం.

గోపన్నపల్లి: "వెళ్లేవాళ్లం." భూతకాలం గమనించగలరు.

కోఠి_చాయ్: 😂

జేఎల్_వెయిటింగ్: ఉప్పల్ అన్నా, ముందు ఒక్క మాట చెప్పు. ఇఫ్లూలో సీటు దేంట్లో? అక్కడ లిటరేచర్ వేరు, లింగ్విస్టిక్స్ వేరు, ఇంగ్లిష్ బోధన వేరు. పట్టా మీద ఏ పేరు పడుతుందో చూసుకో. 2022 డిసెంబరులో 1392 జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టులు పడ్డప్పుడు మా రూమ్మేట్ ఫైలు పట్టుకుని తిరిగిన తిరుగుడు నేను చూశాను. "సంబంధిత సబ్జెక్టు" అనే రెండు ముక్కల దగ్గర మనిషి నెలల తరబడి ఆగిపోయాడు. ఒక ఆఫీసు ఈక్వివలెన్స్ (ఈ పట్టా ఆ సబ్జెక్టుకు సమానమనే కాగితం) తెమ్మంటుంది, రెండో ఆఫీసు అది మా పని కాదంటుంది.

గోపన్నపల్లి: జేఎల్ కోసమే అయితే ఎం.ఏ. ఎక్కడ చేసినా ఒకటే. అంతకు మించి పోవాలంటే నెట్ (యూనివర్సిటీ బోధనకు, పరిశోధనకు జాతీయ అర్హత పరీక్ష) రాయాలి, జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొట్టాలి. నెలకు 37,000 ఫెలోషిప్. ఇంగ్లిష్ నెట్ సిలబస్ తీసి చూడండి. నాటకం, కవిత్వం, కథా సాహిత్యం, వచనం, విమర్శ, థియరీ. ఫొటోగ్రఫీలో ఒత్తు ఎక్కడ పడుతుందని ఒక యూనిట్ లేదు.

సీఫెల్_పాతకాపు: మీరు వదిలేసిన వాటిలో భాష, దాన్ని బోధించే పద్ధతులు అని నిక్షేపంలా ఒక యూనిట్ ఉంది. ఇండియాలో ఇంగ్లిష్ చరిత్ర అని ఇంకొకటి ఉంది. సగం చదివి సిలబస్ చెప్పకండి.

జేఎల్_వెయిటింగ్: అన్నా, పట్టా మీద పేరు?

సూర్యాపేట_మీడియం: గా ఒత్తుల ముచ్చట జెర ఆపుతరా. నేను గూడ తెలుగు మీడియమే. ఎం.ఏ. చేసింది ఈ రెండు యూనివర్సిటీలల్ల గాదు, ఇంకోకాడ, పేరెందుకు. ఫస్ట్ సెమిస్టర్ల సెమినార్ ఇయ్యమన్నరు. గ్రీకు నాటకంల కోరస్‌ను మా దిక్కు ఒగ్గుకథల వంతపాట తోటి పోల్చి పన్నెండు పేజీలు రాసిన. లేచి నిలవడి చదువుతున్న. రెండో పేజీల "డిటర్మిన్" అని ఉంటే "డిటర్మైన్" అన్న. క్లాసంత నవ్విన్రు. సారు గూడ నవ్విండు. నవ్వినంక టైమైపోయిందన్నరు. మిగిలిన పది పేజీలల్ల ఏముందని ఇయ్యాల్టి దాక ఒక్కలు అడగలే. మీరిద్దరు గొప్ప గొప్ప పేర్లు చెప్తున్నరు గాని, ఆ పిల్ల మొదటి సెమిస్టర్ల నోరు ఎట్ల తెరుస్తది, గది చెప్పుర్రి.

కోఠి_చాయ్: అన్నా ఆ పేపరు ఉంటే పెట్టు, చదువుతం.

సీఫెల్_పాతకాపు: ఆ సారు చేసింది దారుణం, ఒప్పుకుంటాను. కానీ బాబూ, డిటర్మిన్ అని పలకాలని మీకు అంతకుముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నవ్వు ఉండేదా? నేనందుకే ఫొనెటిక్స్ అంటున్నాను.

గోపన్నపల్లి: అదీ సంగతి! నవ్వినవాళ్లది తప్పు, కానీ రిపేరు మాత్రం నవ్వించుకున్నవాడికి. పన్నెండు పేజీలు ఆలోచించి రాసిన మనిషిలో మీకు కనపడింది ఒక్క అచ్చు. ఇంత సేపూ మీరు చెప్పేదీ ఇదే, తెలుగు మీడియం పిల్ల ముందు నోరు సరిచేసుకుని రావాలి, తర్వాత సాహిత్యం గురించి మాట్లాడాలి.

సీఫెల్_పాతకాపు: మీకు వెటకారం బాగా వచ్చు. నేను జిల్లా పరిషత్ స్కూల్లో చదివినదాన్ని. మా ఇంటికి ఇంగ్లిష్ పేపరు వచ్చేది కాదు, అసలు ఏ పేపరూ వచ్చేది కాదు. మొదటి ఇంటర్వ్యూ బోర్డులో నన్ను వెనక్కి పంపింది నా ఆలోచన కాదు, నా పలుకు. లోకం మారేదాకా ఆ పిల్ల ఆగాలా? మీ ఇంట్లో ఇంగ్లిష్ పుస్తకాల బీరువా ఉండి ఉంటుంది, అందుకే పలుకు చిన్న విషయంలా కనపడుతోంది.

గోపన్నపల్లి: మా ఇంటి బీరువా గురించి మీకెందుకు? మా నాన్న ఆర్టీసీ కండక్టర్.

మోడరేటర్: ఇళ్లలోకి వెళ్లకండి. విషయం మీద ఉండండి.

సూర్యాపేట_మీడియం: మేడమ్ చెప్పింది గూడ అబద్ధం గాదు. నాకు నౌకరీ వచ్చింది పలుకు నేర్చుకున్నంకనే. కాని నేర్చుకునేటప్పుడు ఇగ ఒగ్గుకథ ముచ్చట ఎత్తలే. అదే బాధ.

నిజాం_గేటు: 1918లో ఉర్దూ మీడియంలో పుట్టిన యూనివర్సిటీని పక్కనే పెట్టుకుని మీడియం కోసం కొట్టుకుంటున్నారు. ఉస్మానియాని ఒక్కరూ లెక్కలోకి తీసుకోరేం?

సిటీబస్: అక్కడ సీటు అడగలేదు కాబట్టి.

ఉప్పల్_అన్న: అందరికీ థ్యాంక్స్. ఒక మాట చెప్పాలి. చెల్లికి ముందునుంచీ హెచ్‌సీయూ మీదే మనసు, అనువాదం కోర్సు చూసి. నాన్న హాస్టల్ అంటే ససేమిరా అంటున్నారు, ఈ ఏడాది సంబంధాలు చూద్దామని కూడా ఉంది. అందుకే నేను ఇఫ్లూ వైపు మొగ్గుతున్నా, ఇంట్లోంచే వెళ్లి రావచ్చని.

గోపన్నపల్లి: ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది బాస్.

సీఫెల్_పాతకాపు: తమ్ముడూ, ఈ కారణంతో అయితే మా ఇఫ్లూకి పంపకు. మెట్రోలో సాయంత్రం ఇంటికొచ్చి, వంటింట్లో చెయ్యి సాయం పెట్టి, పెళ్లిచూపులకి చీర మార్చుకునే పిల్లకి ఎం.ఏ. ఎక్కడైనా ఒకటే. నేను నేర్చుకున్నదాంట్లో సగం రాత్రి పది దాటాక హాస్టల్ వరండాలో, మణిపూర్ అమ్మాయితోనూ కేరళ అమ్మాయితోనూ వాదించి నేర్చుకున్నాను. వాళ్లతో తెలుగు కుదరదు, చచ్చినట్టు ఇంగ్లిషే. ఇఫ్లూ అయినా సరే, హాస్టల్లో పెట్టు. ఒప్పుకోకపోతే మీ నాన్నగారితో నేను ఫోన్లో మాట్లాడతాను, నంబరు మెసేజ్‌లో పంపు.

గోపన్నపల్లి: హాస్టల్ మాట వరకూ మేడమ్‌తో ఏకీభవిస్తున్నా. ఒత్తుల మీద కాదు.

సీఫెల్_పాతకాపు: మీ ఏకీభావం ఎవరడిగారు.

ఉప్పల్_అన్న: మేడమ్, నంబరు పంపాను. నాన్న రాత్రి ఎనిమిదికి డ్యూటీ నుంచి వస్తారు.

జేఎల్_వెయిటింగ్: అంతా బాగానే ఉంది గానీ అన్నా, ఇఫ్లూ అలాట్‌మెంట్ లెటర్ మీద సబ్జెక్టు పేరు ఏమని ఉందో ఒక్కసారి చూసి చెప్తావా.