మెయిన్ స్పాన్సరు తప్పుకున్నారు, హాలు బ్యాలెన్సు శుక్రవారం కట్టాలి

ఎస్.ఆర్. | సోమవారం రాత్రి 9:12
మన కార్యక్రమం పనుల పట్టిక మళ్లీ పెడుతున్నాను: వేదిక అలంకరణ, సౌండు, పిల్లల రిహార్సల్స్, రిజిస్ట్రేషన్ బల్ల. కానీ అది తర్వాత. మెయిన్ స్పాన్సరు నుంచి ఇప్పుడే మెయిలు, రెండే లైన్లు. ఈ ఏడాది కుదరదట. మన బడ్జెట్‌లో మూడో వంతు వాళ్లదే.

వి.కె. | 9:20
మూడు వారాల ముందు చెప్తారా! మనం ఏం తక్కువ చేశాం? బ్యానరు మీద లోగో అడిగారు, వేశాం. టికెట్టు రేటు పెంచేద్దాం.

పి. | 9:31
అన్నా, పోయినసారి ఫొటోలు తీసి చూశాను. ఆ బ్యానరు మీద పదకొండు లోగోలున్నాయి. వాళ్లది కింది వరసలో ఎడమ చివర, స్పీకర్ స్టాండు వెనక సగమే కనబడుతోంది. పక్కనే వాళ్ల పోటీ కంపెనీది. గుంపులో గోవింద అయిపోయారు. నేనైనా మళ్లీ ఇవ్వను.

వి.కె. | 9:34
ఆ పదకొండు మందికీ ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్లు చేసింది నేను. అప్పుడు ఎవరూ తోడు రాలేదు. ఇప్పుడు తప్పు పట్టడానికి అందరూ ఉన్నారు.

ఎస్.ఆర్. | 9:36
ఇద్దరూ కాస్త ఆగండి. మాస్టారూ, మీరేమంటారు?

జి. | 10:05
ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి అర్జీలు నా బల్ల మీదికి వచ్చేవి కాబట్టి చెప్తున్నాను. లోగో చోటు ఎవరైనా కొంటారు. ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి జనం మనసులో ముడిపడిపోవడం మాత్రం పోటీవాడు రేపు పొద్దున డబ్బు పెట్టి కొనలేడు. కోకాకోలా 1928 నుంచి ఒలింపిక్స్‌తో ఉంది. 1984 లాస్ ఏంజలెస్‌కి ఫొటో ఫిల్ము కంపెనీ కొడాక్ అడిగినంత ఇవ్వనంటే, ఆ స్పాన్సరు చోటు దాని పోటీ కంపెనీ ఫుజీ తీసుకుని అమెరికా మార్కెట్లో కాలు గట్టిగా మోపింది. 1988కి కొడాక్ తిరిగొచ్చినా ఫుజీని అక్కణ్ణుంచి కదల్చలేకపోయింది. 1985లో ఒలింపిక్ కమిటీ పెట్టిన టాప్ అనే స్పాన్సర్ల పథకంలో ఒక్కో రంగానికి ఒక్క కంపెనీయే. ఆ ఒక్కటి అనే మాటకే విలువ. మనం దాన్నే పదకొండు ముక్కలు చేసి అమ్మాం.

ఇంకో సంగతి. హక్కు కొన్నాక దాన్ని వాడుకోవడానికి కంపెనీ మళ్లీ ఖర్చు పెట్టాలి, మనుషుల్ని పంపాలి. మనం ఎప్పుడైనా వాళ్లని రమ్మన్నామా? చెక్కు తీసుకుని, ఆ తర్వాత ఏడాదికి ఫోన్ చేశాం.

వి.కె. | 10:19
నిజమే మాస్టారూ. కార్యక్రమం అయ్యాక వాళ్లకి ఒక్క ఫొటో కూడా పంపలేదు నేను. చెల్లీ, ఇందాక కోపంలో అనేశాను, ఏమనుకోకు.

పి. | 10:22
పర్లేదన్నా. ఫోన్లకి తోడు రాకపోవడం నా తప్పే. రేపు ఇద్దరం కలిసి వెళ్దామా? రంగానికి ఒక్కరే, మూడేళ్ల మాట, నాలుగో ఏడాది మొదటి అవకాశం వాళ్లకే. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర వాళ్ల మనుషులే కూర్చుంటారు.

వి.కె. | 10:24
సరే. ముందు మెయిలు పంపినవాళ్ల దగ్గరికే. ఆ ఫొటో కూడా తీసుకురా, దాచొద్దు.

ఎస్.ఆర్. | మంగళవారం సాయంత్రం 6:40
హాలు వాళ్లు సగం శుక్రవారం, మిగతా సగం పై వారం అన్నారు. మొదటి సగానికి కమిటీ వాళ్లం తలా కొంత వేస్తున్నాం. అక్కడ ఏమైంది?

పి. | 6:58
ముప్పావుగంట కూర్చోబెట్టారు. ఒప్పుకోలేదు, కాదనలేదు. మూడేళ్ల మాట కాగితం మీద పెట్టి రేపు పొద్దున్నకి పంపమన్నారు. మాస్టారూ, రాత్రికి మీ ఇంటికి రావచ్చా?

జి. | 7:01
రండి. ఆ పాత బ్యానరు కూడా పట్టుకురండి.