సెక్రటరీ సంతకం పెట్టిన కౌబాయ్ నటుల ఉత్తరాలు అసలువా, నకిలీవా?

పాతకాగితం:
జాన్ వేన్, జేమ్స్ ఆర్నెస్, రాయ్ రోజర్స్ వంటి అమెరికన్ కౌబాయ్ నటుల ఉత్తరాలు సేకరించేవారి మధ్య తెగని వాదు ఇది. నటుడి పేరును ఆయన సెక్రటరీ సంతకంగా పెట్టి పంపిన ఉత్తరాన్ని నకిలీ అనడం నాకు సమ్మతం కాదు. ఆర్నెస్ ప్రధాన పాత్ర వేసిన ‘గన్‌స్మోక్’ టీవీ ధారావాహిక 1955 నుంచి 1975 దాకా నడిచింది. అలాంటి కార్యక్రమంలో ప్రధాన పాత్రధారి అభిమానుల ఉత్తరాలన్నిటికీ స్వయంగా జవాబు రాయాలనడం అత్యాశే. ఆయన కార్యాలయం నుంచి, ఆయన అనుమతితో, ఆనాడే వెలువడిన జవాబును దొంగ సంతకంతో ఒకే గాట కట్టడం అన్యాయం.

గుర్రపునాడా:
అనుమతి మాట అమ్మేవారి నోట ఎప్పుడు వస్తుందండీ? కొన్నవారు నిలదీశాకే కదా! నేను డబ్బు పెట్టేది ఆ నటుడి చేతిరాతకు. సెక్రటరీ సంతకాన్ని ఒప్పుకుంటే, 1940ల నుంచి వాడుకలో ఉన్న ఆటోపెన్ యంత్రం గీసిన సంతకాన్నీ ఒప్పుకోవలసి వస్తుంది; దానికీ యజమాని అనుమతి ఉన్నదే.

డల్లాస్‌వాసి:
మీరిద్దరూ మూడో రకాన్ని వదిలేశారు. నటుడు చెబుతుండగా సెక్రటరీ టైపు చేసి, చివర నటుడే సంతకం పెట్టిన ఉత్తరాలున్నాయి. నా దృష్టిలో సంతకం ఉన్న ఫొటో కంటే వీటికే విలువ ఎక్కువ, ఎందుకంటే అడిగిన ప్రశ్నకు జవాబు అందులో ఉంటుంది. అమెరికన్ కార్యాలయాల పద్ధతి ప్రకారం చాలా ఉత్తరాల అడుగున ఎడమవైపు సంతకందారు పొడి అక్షరాలు, వాటి పక్కన టైపిస్టు పొడి అక్షరాలు కనిపిస్తాయి. అవి టైపు చేసినదెవరో చెబుతాయి గానీ కలం పట్టినదెవరో చెప్పవు. అందుకు అదే కాలపు ఒప్పందాలపైన, బ్యాంకు చెల్లించిన చెక్కులపైన ఉన్న సంతకాలతో పోల్చాలి. ఒకే సంతకం తేడా లేకుండా రెండు కాగితాలపై అచ్చంగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటే అది యంత్రం పనేనని అనుమానించాలి. మనిషి చెయ్యి అలా తిరగదు. ఇక పచ్చి నకిలీలు కొన్ని సంతకం దాకా పోకుండానే దొరికిపోతాయి. మన పిన్ కోడ్ లాంటి అమెరికా జిప్ కోడ్ 1963 జూలైలో మొదలైంది. 1958 తేదీ వేసిన ఉత్తరంలో లెటర్‌హెడ్‌పై ఐదంకెల జిప్ కోడ్ కనిపిస్తే ఇంక వాదనెందుకు? కవరు కూడా దాచుకున్నవారు అదృష్టవంతులు, దానిపై తపాలా ముద్ర ఉంటుంది కనుక.

జాన్ వేన్ తన ముద్దుపేరు ‘డ్యూక్’ అని సంతకం పెట్టిన ఉత్తరమంటే ఆత్మీయులకు రాసినదేనని వ్యాపారులు ధర పెంచుతారు. ఆ పేరు లోకమంతటికీ తెలిసినదే. నకిలీ చేసేవాడికి తెలియదా?

గుర్రపునాడా:
మీ మూడో రకాన్ని సంతోషంగా అంగీకరిస్తాను. సెక్రటరీ సంతకం పెట్టిన దానిని మాత్రం నటుడి ఉత్తరాల ఫైలులో పెట్టను, సంతకం ధర ఇచ్చి కొనను.

పాతకాగితం:
ధర విషయంలో నాకూ పేచీ లేదు. దాచేటప్పుడు ‘సెక్రటరీ సంతకం’ అని వేరే చీటీ రాసి జతచేస్తే సరిపోతుందని నా ఉద్దేశం.

గుర్రపునాడా:
ఆ చీటీ మీరున్నంతకాలం ఉంటుంది. తర్వాత మీ పిల్లలు వేలానికి పంపేనాడు ఉత్తరం ఉంటుంది, చీటీ ఉండదు. బజారులో తిరుగుతున్న సెక్రటరీ సంతకాల్లో చాలావరకు అలా చీటీ ఊడిపోయినవేనని నా అనుమానం.