‘కంట్రీ డాక్టర్’కు ‘నాటు వైద్యుడు’ అనొచ్చా?

జోసయ్య బార్ట్‌లెట్ గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తూ మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన వారిలో ఆయన ఒకరు. అక్కడివాళ్లు ఆయన్ని ‘కంట్రీ డాక్టర్’ అంటారు. తెలుగులో ఏమనాలి?

‘నాటు వైద్యుడు’ మాటకు మాట సరిపోతుంది. నాటుకోడి, నాటుపడవ, నాటుమందు... నాటు అంటే ఈ గడ్డ మీదిది, బయటి నుంచి రానిది. కానీ ఇప్పుడు నాటు వైద్యుడనగానే పసరు మందులు గుర్తొస్తాయి, కొందరికి భయం కూడా వేస్తుంది. పైగా ఈయన పేరు నిలబెట్టిన మందు నాటుది కానే కాదు. ఆయన ప్రాక్టీసు పెట్టిన న్యూ హాంప్‌షైర్‌లోని కింగ్‌స్టన్‌లో 1735లో గొంతు జబ్బొకటి మొదలై ఎందరో పసిపిల్లలను పొట్టన పెట్టుకుంది. డిఫ్తీరియా అయ్యుంటుందని ఇప్పుడు ఎక్కువమంది అంటారు. అది 1754లో మళ్లీ వచ్చినప్పుడు ఈయన పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడు వాడి చూశారు. విపరీతమైన చేదు. రోగులకు ఉపశమనం దొరికింది. ఎక్కడి పెరూ, ఎక్కడి కింగ్‌స్టన్!

వ్యాఖ్య: ‘పల్లె వైద్యుడు’ అంటే సరిపోదాండీ? లేదా మనవాళ్లు ‘ఆర్‌ఎంపీ డాక్టరు’ అంటారు కదా, పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

జవాబు: ఆర్‌ఎంపీ అంటే కాలం చెడిపోతుందండీ, పిల్లలు మన వీధి చివర క్లినిక్ ఊహించుకుంటారు. ‘పల్లె వైద్యుడు’ బాగుంది, కానీ ఎక్కడ ఉన్నాడో చెబుతుంది తప్ప ఎలా వైద్యుడయ్యాడో చెప్పదు. నాకు ముఖ్యం అదే. ఆయన కాలేజీ గడప తొక్కలేదు. పదహారేళ్ల వయసు నుంచి ఒక డాక్టరు దగ్గర ఉండి నేర్చుకున్నారు.

దీనికి మనకు చక్కని మాట ఉంది: శుశ్రూష. గురువుకు చేసేదీ శుశ్రూషే, రోగికి చేసేదీ శుశ్రూషే. సంస్కృతంలో దీని మూలార్థం ‘వినాలనే కోరిక’. గురువు మాట వినడం, రోగి బాధ వినడం, రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఈ ఒక్క మాట దొరికినందుకు నాకు రోజంతా సంతోషంగా ఉంది.

ఇంకో సంగతి. డిగ్రీ లేని ఈ మనిషే 1788లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, లాయరు కాకుండానే. 1790లో రాష్ట్రాధినేత అయ్యారు. అప్పట్లో ఆ పదవి పేరు ప్రెసిడెంట్. 1792 నాటి కొత్త రాజ్యాంగం దాన్ని గవర్నర్‌గా మార్చడంతో ఆ పేరుతో మొదటివారు ఈయనే. డార్ట్‌మత్ కాలేజీ గౌరవ ఎండీ ఇచ్చింది కూడా 1790లోనే, అంటే ప్రాక్టీసు పెట్టిన నలభై ఏళ్లకు! ఆ మరుసటి ఏడే న్యూ హాంప్‌షైర్ మెడికల్ సొసైటీని స్థాపించి తొలి అధ్యక్షుడయ్యారు.

వ్యాఖ్య: మా అమ్మమ్మ ఇలాంటి డాక్టరు గురించి చెబుతూ ‘ఆయన హస్తవాసి మంచిది’ అనేది. డిగ్రీ సంగతి ఎప్పుడూ అడిగేది కాదు.

జవాబు: హస్తవాసి! బెరడు ముచ్చట దగ్గర అదే వాడతాను. మొదటి వాక్యం ఇలా మార్చాను, చూసి చెప్పండి: ‘బార్ట్‌లెట్ గురుశుశ్రూషతో వైద్యం నేర్చిన ఊరి డాక్టరు.’ ‘గురుశుశ్రూష’ పదేళ్ల పిల్లలకు బరువవుతుందంటారా?