అప్‌డేట్: అమృత్‌సర్‌లో పంజాబీలో బేరమాడాను

ఉద్యోగరీత్యా అమృత్‌సర్‌కు వచ్చిన నేను, నా హిందీ బేరం దుకాణదారులకు కటువుగా వినిపిస్తున్నదేమోనన్న బెంగతో, ధర తగ్గించమని పంజాబీలో మర్యాదగా ఎలా అడగాలో చెప్పమని రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. మీ సలహాలలో అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చినది క్రియ చివరి ‘ఓ’ కారమే. ‘కర్ దే’ అంటే మన ‘చేసెయ్’, ‘కర్ దియో జీ’ అంటే మన ‘చేసేయండి’.

నిన్న హాల్ బజారులో ఒక ఫుల్కారీ (పంజాబీ పూల ఎంబ్రాయిడరీ) చున్నీ నచ్చి, ‘సత్ శ్రీ అకాల్ భాజీ, ఏహ్ చున్నీ కిన్నే దా ఏ?’, అంటే నమస్కారం అన్నా, ఈ చున్నీ ఎంత అని అడిగాను. చున్నీ స్త్రీలింగం కనుక ‘కిన్నే దీ’ అనాలని దుకాణదారు ఆప్యాయంగా సరిదిద్ది, ధర ‘సాఢే సత్త్ సౌ’ అన్నారు. అది 750 అని తేల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. సవా సౌ 125, డేఢ్ సౌ 150, ఢాయీ సౌ 250 అని ముందే కంఠస్థం చేయకపోతే బేరం అక్కడే ఆగిపోతుంది. పలకరింపుల కంటే ముందు నేర్చుకోవలసినవి ఇవేనని నా అభిప్రాయం.

‘వాజబ్ లా దియో జీ’, అంటే న్యాయమైన ధర వేయండి అన్నాను. ఆయన చున్నీని వెనక్కి తిప్పి, ఇది యంత్రంపై కుట్టినదని, చేతి ఫుల్కారీనైతే గుడ్డ వెనుకవైపు నుంచి పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారని ఓపికగా వివరించి, 650కి ఇచ్చారు. అంత నిజాయితీగా చెప్పిన మనిషిని ఇంకా తగ్గించమని అడగడానికి నాకు మనసు రాలేదు.