సమస్య: పసిడి మేసి మేక పరుగు దీసె

ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. మొదటి మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి.

పసిడి మేసి మేక పరుగు దీసె

బంగారం మేకకు మేత ఎట్లా అవుతుందన్నదే చిక్కు. మన వైపు బంగారానికి కొదవ లేదు. పత్తి తెల్ల బంగారం, సింగరేణి బొగ్గు నల్ల బంగారం, నిజామాబాద్ పసుపు పచ్చ బంగారం. ఇంటి ముచ్చటైనా, బేరమైనా, రాజకీయమైనా రాయండి. కానీ చిక్కు పద్యంలోనే విడిపోవాలి, కింద వివరణ రాసి గట్టెక్కితే ఒప్పుకోను. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస నియమం లేదు కాబట్టి కొత్తవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు.

ములుగు అక్క పూరణ:

మేటి జాతరాయె మేడారమందున
బెల్లమదియె యచట పిలువఁ బసిడి
మొక్కు గద్దె చెంత ముక్కొక్కటే రాల
పసిడి మేసి మేక పరుగు దీసె

అక్కా, గణాలూ యతులూ చక్కగా కుదిరాయి. గద్దెల దగ్గర జనం తలల మీదుగా బెల్లం ముద్దలు విసురుతుంటే కాళ్ల కింద ముక్కలు పడి ఉంటాయి. మూడో పాదంలో అది కళ్లకు కట్టింది. నాకు ఇంకో అర్థం కూడా తోచింది. అక్కడికి మేక వచ్చేదే మొక్కు కోసం. సమ్మక్క తల్లి ప్రసాదం తిని, కట్టు తెంపుకుని ప్రాణం దక్కించుకుందన్నమాట. అది మీరు అనుకుని రాశారో లేదో గానీ, పద్యం ఆ అర్థాన్ని మోస్తోంది.

నర్సంపేట రైతన్న పూరణ:

ఇంటి పత్తి బండి యెనుమాములకు జేర
మూట విప్పి పోసి ముందరుంచ
తెల్ల పసిడి కుప్ప తేరగా దొరకంగ
పసిడి మేసి మేక పరుగు దీసె

అన్నా, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు పేరు గణాల్లో ఒదిగిన తీరు బాగుంది. ‘తేరగా’ అన్న మాట దగ్గర గుండె కలుక్కుమంది. ధర పడిపోయిన రోజున రైతు పత్తి తేరగానే పోతుంది కదా. అయితే మేక మేత యార్డులో కన్నా చేలోనే సహజం. పత్తి ఏరడం అయిపోయాక చేలోకి తోలితే ఆకూ, మిగిలిన పచ్చి కాయా మేస్తుంది. సన్నివేశాన్ని యార్డు నుంచి చేనుకు మార్చి మళ్లీ పంపండి.

జనగామ తమ్ముడి పూరణ:

ఓట్ల వేళ వచ్చి యొట్లెన్నొ పెట్టెను
గెలిచినాక చెరువు గెట్టు దాటి
శిఖము భూమి నమ్మి సిరులు మూటలు గట్టి
పసిడి మేసి మేక పరుగు దీసె

‘మేయడం’ అంటే సొమ్ము కాజేయడమని పట్టుకున్నావు, శభాష్. శిఖం భూమిని, అంటే చెరువు లోపలి నేలను, పద్యంలోకి తేవడం ఇంకా నచ్చింది. చెరువుల మీద బతికిన ఊళ్లలో అంతకంటే పెద్ద దోపిడీ లేదు. లోపం ఒక్కటే, ఆ మనిషి మేక ఎందుకయ్యాడో పద్యం చెప్పలేదు. మొదటి పాదం ఇట్లా మార్చి చూడు:

మేకవోలె వచ్చి మెత్తగా మాటాడి

ఓట్ల మాట పోయినా ‘గెలిచినాక’ ఉంది కాబట్టి ఎన్నికలని తెలిసిపోతుంది.

హన్మకొండ వదినమ్మ పూరణ:

పండుగనుచు నేను బంతి దండలు గుచ్చి
గుమ్మమునకు గట్టి కునుకు దీయ
మెరయు పూలఁ జూచి మెల్లగా దరిజేరి
పసిడి మేసి మేక పరుగు దీసె

ఇంతవరకు వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. బెల్లమనీ పత్తి అనీ పేరు పెట్టి చెప్పే అవసరమే రాలేదు. బంతిపూల రంగే పసిడి అయింది. పొద్దున్నుంచి పండుగ పని చేసి నడుం వాల్చిన ఇల్లాలు, ఆ సందు చూసుకుని వచ్చిన మేక, ఇవి మనందరి ఇళ్లలో కనిపించేవే. వదినా, ఈ ఒక్క పద్యంతో ఆపకండి.

గోదావరిఖని తమ్ముడు అలిగాడు: “సార్, నల్ల బంగారాన్ని అందరూ మరిచిపోయిన్రు.” అలిగి ఊరుకోలేదు, పూరణ కూడా పంపాడు. మొదటి పాదం ఇట్లా ఉంది:

బొగ్గు బావి పక్క పెరిగిన గడ్డిపై

తమ్మీ, ఇక్కడ యతి తప్పింది. బ, ప హల్లులు కలుస్తాయి గానీ ‘బొ’లో ఒకారానికీ ‘పె’లో ఎకారానికీ మైత్రి లేదు. ‘పొదలోని’ అంటే సరిపోతుంది. మిగతా మూడు పాదాలనూ నేను ముట్టుకోలేదు:

బొగ్గు బావి పక్క పొదలోని గడ్డిపై
నల్ల పసిడి దుమ్ము నాట్యమాడ
గరిక తోడ కలిపి గబగబ నమలుచు
పసిడి మేసి మేక పరుగు దీసె

గని పక్కన ఆకు ఆకు మీదా పేరుకునే నల్ల దుమ్మును చూసినవాడే రాయగల పద్యం ఇది. దుమ్ము ‘నాట్యమాడ’ అనడం మాత్రం నాకు అంతగా రుచించలేదు. ఆ దుమ్ము పీల్చే ఊరికి అది నాట్యం కాదు. ఇంకో మాట వెతుకు.

ఎర్ర బంగారం, అంటే మిర్చి, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం రాత్రి దాకా గడువుంది. రాసేవాళ్లు రకం చూసుకుని రాయండి: మన చపాటాకు రంగెక్కువ, కారం తక్కువ. మేక పరుగు తీయాలంటే తేజ పెట్టాలి.